పదహారు అంగుళాల సోకు

టైరు పక్కన అచ్చు పోసిన అంకెలు చదవడం వస్తే చాలు, చిన్న కారులో కుదుపు ఎంతుంటుందో సగం అక్కడే తెలిసిపోతుంది. మారుతి స్విఫ్ట్‌ కింది వేరియంట్లకు 165/80 ఆర్‌14 టైరు వస్తుంది, పై వాటికి 185/65 ఆర్‌15. బలెనో, హ్యుందాయ్‌ ఐ20 కింది వేరియంట్లకు అదే 15 అంగుళాల టైరు. ఖరీదైన వేరియంటుకు పోతే 195/55 ఆర్‌16. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ము సైజు, అంగుళాల్లో. లెక్క వేసి చూస్తే మూడు టైర్ల మొత్తం ఎత్తు దాదాపు ఒక్కటే, 62 సెంటీమీటర్లు. తేడా అంతా రబ్బరులోనే. 14 అంగుళాల దాంట్లో రిమ్ముకూ రోడ్డుకూ మధ్య 132 మిల్లీమీటర్ల గోడ ఉంటే, 15లో 120, 16లో 107 మాత్రమే.

షోరూము దీపాల కింద ఆ పదహారు అంగుళాల డైమండ్‌ కట్‌ అలాయ్‌ చక్రం కంటికి నిండుగా కనిపిస్తుంది, నిజమే. ఆ నిండుదనం కోసం 14తో పోలిస్తే అంగుళం రబ్బరు తీసేశారు. గుంతలో పడ్డప్పుడు షాకబ్జర్‌ కన్నా ముందు దెబ్బ కాచుకునేది ఆ గోడే. అది పలచబడితే దెబ్బ నేరుగా షాకబ్జర్‌ను బండికి బిగించే స్ట్రట్‌ మౌంటుకూ, అక్కణ్నుంచి సీటుకూ, నడుముకూ వస్తుంది.

హన్మకొండ నుంచి జనగామ మీదుగా హైదరాబాద్‌ పోయే 163వ జాతీయ రహదారి మీద ఈ తేడా పెద్దగా తెలియదు. పైగా 16 టైరు వంపుల్లో గట్టిగా పట్టుకుంటుంది, స్టీరింగు తిప్పిన వెంటనే బండి తిరుగుతుంది. పెద్ద రోడ్డు దిగి ఊరి దారి పట్టాకే అసలు సంగతి. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు, కరీంనగర్‌ వైపు గ్రానైట్‌ లారీలు తిరిగే రోడ్ల మీద తారు చక్రాల గాడులుగా కుంగుతుంది. వానాకాలం రెండు నెలలు గడిచేసరికి ఆ గాడుల పక్కన కత్తి అంచు లాంటి గుంతలు లేస్తాయి. గంటకు 60 మీద 16 అంగుళాల చక్రం అలాంటి అంచు ఎక్కితే గోడ రిమ్ముకూ గుంతకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. గాలి పోదు, మేకు కనపడదు, బండి మామూలుగానే నడుస్తుంది. రెండు రోజులకు టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు తేలుతుంది. దానికి పంక్చర్‌ షాపులో మందు లేదు, టైరు మార్చాల్సిందే. దెబ్బ తగిలి పోయిన టైరుకు కంపెనీ వారంటీ ఇవ్వదు. బీమాలో కూడా కారుకు దెబ్బ తగలకుండా టైరు ఒక్కటే పోతే మామూలు పాలసీ కింద పైసా రాదు. కారుతో పాటు పోయినా టైరు ధరలో సగమే ఇస్తారు. టైరు కవర్‌ అనే యాడ్‌ఆన్‌ విడిగా తీసుకుంటే వేరే సంగతి. పైగా 16 అంగుళాల టైరు ఒక్కోటీ 15 కన్నా సుమారు వెయ్యిన్నర నుంచి రెండున్నర వేల దాకా ఎక్కువ పడుతుంది. అలాయ్‌ అంచు వంగితే కొట్టి సరిచేయడం ఇనప రిమ్ముకు పనికొచ్చినట్టు దీనికి పనికిరాదు, పగులుతుంది.

ఎండాకాలం రాగానే గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించి కొట్టించడం పాత అలవాటు. వేడికి టైరు పేలుతుందన్న భయం దానికి కారణం. జరిగేది సరిగ్గా తిరగేసి. గాలి తక్కువైతే గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, పేలుడు ప్రమాదం పెరుగుతుంది. డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఎంత పెట్టాలో అందులోనే రాసి ఉంటుంది, అయిదుగురు ఎక్కితే ఎంతో కూడా. పొద్దున్నే, బండి రెండు మూడు కిలోమీటర్లకు మించి తిరగకముందే కొట్టించాలి.

ఇప్పటికే 16 అంగుళాల కారు కొనేసిన వాళ్లకు ఒక దారి ఉంది. అదే మోడల్‌ కింది వేరియంటుకు కంపెనీ ఇచ్చే 15 అంగుళాల రిమ్ము, 185/65 టైరు ఎక్కించుకోవచ్చు. ఎత్తు సమానం కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపదు. బీమా కంపెనీకి ఒక మాట రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి. 17కు ఎక్కించడం మాత్రం ఈ జిల్లాల్లో డబ్బిచ్చి నడుంనొప్పి కొనుక్కోవడమే.

స్పీడ్‌ బ్రేకర్ల సంగతికొస్తే కాగితం మీది గ్రౌండ్‌ క్లియరెన్స్‌ కొంచెమే ఉపయోగం. స్విఫ్ట్‌ 163 మిల్లీమీటర్లు, టాటా ఆల్ట్రోజ్‌ 165, బలెనో, ఐ20 చెరో 170, హ్యుందాయ్‌ ఎక్స్‌టర్‌ 185, టాటా పంచ్‌ 187. ఇవన్నీ ఖాళీ బండి లెక్కలు. అయిదుగురు పెద్దలు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే వెనక భాగం రెండు మూడు వేళ్లు దిగుతుంది. పొట్ట తగలడానికి చక్రాల మధ్య దూరం కూడా కారణం: ఐ20కి 2,580 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌కు 2,450. పొడవైన కారు రోడ్డు మీద ఊగకుండా పోతుంది, వెనక సీట్లో కాళ్లకు చోటిస్తుంది, కానీ ఊళ్లలో గ్రామస్తులే పోసిన నిటారు స్పీడ్‌ బ్రేకరు మీద మధ్యలో గీసుకుంటుంది. ఆ దిబ్బల్ని ఏటవాలుగా, ఒక్కో చక్రంగా ఎక్కించి దించాలి. రోజూ అలాంటివి పది దాటాల్సిన వాళ్లు పంచ్‌, ఎక్స్‌టర్‌ వైపు చూడటంలో అర్థముంది. వాటి ఎత్తు సీటు మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కూడా సాయం: కిందికి కూలబడక్కర్లేదు, పక్కకు జరిగి కూర్చోవచ్చు. ఆల్ట్రోజ్‌ ఎత్తులో వెనకబడినా దాని తలుపులు 90 డిగ్రీల దాకా తెరుచుకుంటాయి. ఎక్కడం దిగడం తేలిక.

ఇంజన్‌ దగ్గర కంటికి కనపడని తేడా ఒకటుంది. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో పాత నాలుగు సిలిండర్ల ఇంజన్‌ తీసి మూడు సిలిండర్లది పెట్టారు. ఆల్ట్రోజ్‌ పెట్రోలు కూడా మూడే. బలెనో, ఐ20, గ్రాండ్‌ ఐ10 నియోస్‌లో నాలుగు. రెండు రకాలూ 1.2 లీటర్లే. ఏసీ వేసి హన్మకొండ చౌరస్తా సిగ్నల్‌ దగ్గర నిలబడ్డప్పుడు మూడు సిలిండర్ల వణుకు స్టీరింగులో, సీటు కింద తెలుస్తుంది. ఇంజన్‌ మౌంటు రబ్బరు పాతబడ్డాక ఇంకా తెలుస్తుంది. బదులుగా స్విఫ్ట్‌కు ఇంజన్‌లో రాపిడి తగ్గి, బండి కూడా తేలిక కావడంతో మైలేజీ వస్తుంది: పరీక్షలో మాన్యువల్‌కు 24.8, ఆటోమేటిక్‌కు 25.75. రోడ్డు మీద అంత రాదు. ల్యాబులో ఏసీ ఉండదు, వరంగల్‌ ఎనుమాముల మార్కెట్‌ ముందు పత్తి బండ్ల వెనక పాకడమూ ఉండదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌. ఇథనాల్‌లో లీటరుకు దొరికే శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఆ కోత కూడా మైలేజీ లోనే పడుతుంది.

ఆటోమేటిక్‌ అన్న మాట కింద వేర్వేరు యంత్రాలున్నాయి, షోరూములో అన్నింటినీ ఒకే పేరుతో అమ్మేస్తారు. స్విఫ్ట్‌, బలెనోలది ఏఎమ్‌టీ: మామూలు గేర్‌బాక్సే, క్లచ్చి నొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. గేరు మారే క్షణాన తల ముందుకు ఊగుతుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్‌ మీద కాలు కొద్దిగా లేపితే ఊగడం తగ్గుతుంది. దీన్ని ఫ్లైఓవర్‌ ఎక్కుడులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే నిలబెడితే లోపల క్లచ్చి ప్లేటు కాలిపోతుంది. ఐ20లోది ఐవీటీ, మెట్లు మెట్లుగా గేర్లు మారని రకం: ఊగడమే ఉండదు, నగరంలో అన్నిటికన్నా సుఖం, ఓవర్‌టేక్‌కు కాలు గట్టిగా నొక్కితే మాత్రం ఇంజన్‌ అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది. ఆల్ట్రోజ్‌లో ఏఎమ్‌టీతో పాటు రెండు క్లచ్చిల బాక్సు కూడా ఉంది, అది నూనెలో మునిగి ఉండే రకం కాబట్టి ట్రాఫిక్‌ వేడికి ఓర్చుకుంటుంది. వారంటీ అయ్యాక పాడైతే ఏఎమ్‌టీ మరమ్మతే చవక. మిగతా రెండింటికీ బాక్సు విప్పారంటే బిల్లు భారీ. ఆ రెండూ తీసుకునే వాళ్లకు పొడిగించిన వారంటీ దండగ కాదు.

ఎండ గురించి వేరే చెప్పాలి. రామగుండం, ఆదిలాబాద్‌, నిజామాబాద్‌లలో మేలో 44, 45 డిగ్రీలు మామూలే. అక్కడ ఏసీ ఎంత త్వరగా చల్లబరుస్తుందన్నదే సుఖం. వెనక సీటుకు ఏసీ గాలి గొట్టాలున్న కారుకూ లేని కారుకూ తేడా పిల్లలు వెనక కూర్చుంటే పది నిమిషాల్లో అర్థమవుతుంది. సన్‌రూఫ్‌ మీద మోజు పడే ముందు దాని కింద మే నెల మధ్యాహ్నం ఓ పావుగంట కూర్చుని చూడాలి. పైకప్పులో ఓ అంగుళం ఎత్తు అది తినేస్తుంది. దాని నాలుగు మూలల నీళ్లు దిగే సన్నని గొట్టాలు వేపాకు, దుమ్ముతో పూడుకుపోతే వాననీరు తల మీది గుడ్డ లోంచి కారుతుంది. రెండు వానాకాలాలకొకసారి వాటిని శుభ్రం చేయించాలి.

ఏసీ చల్లదనం తగ్గిందనగానే గ్యాసు పట్టించడానికి పరుగెత్తే వాళ్లు ఎక్కువ. ముందు చూడాల్సింది క్యాబిన్‌ ఫిల్టరు. గ్లవ్‌బాక్సు ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. దాని వెనక నల్లటి మూత, మూతకు పక్క క్లిప్పులు. ఫిల్టరు లాగితే పత్తి సీజన్‌ తర్వాత ఈ జిల్లాల్లో అది బొంత లాగా వస్తుంది: దూది పోగులు, దుమ్ము, ఎండుటాకు. కొత్తది మూడు నుంచి అయిదు వందలు, దాని మీది బాణం గుర్తు గాలి పోయే దిక్కుకే ఉండాలి, పని పది నిమిషాలు. రెండోది బంపరు వెనక కండెన్సరు. వడ్లు ఆరబోసిన రోడ్ల మీద తిరిగిన బండికి దాని రెక్కల్లో పొట్టు ఇరుక్కుంటుంది. ఇంజన్‌ చల్లారాక, ఒత్తిడి లేని నీళ్లతో కడగాలి. వాటర్‌ సర్వీసు గన్ను పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి.

నీళ్ల భయం వరంగల్‌కు కొత్త కాదు. 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు, వరంగల్‌, హన్మకొండ కాలనీల్లో కార్లు మునిగాయి. ఇంజన్‌ గాలి పీల్చే మూతి చిన్న కార్లలో హెడ్‌లైటు ఎత్తుకు అటూఇటుగా ఉంటుంది. అందులోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోతే పిస్టన్‌ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్‌ రాడ్డు వంగుతుంది. మునిగిన బండిని స్టార్టు చేసి చూడటమే అసలు నష్టం. అలా పోయిన ఇంజన్‌కు మామూలు బీమా డబ్బు ఇవ్వదు. ఇంజన్‌ ప్రొటెక్ట్‌ యాడ్‌ఆన్‌ ఉన్నా స్టార్టు కొట్టారని తేలితే పేచీ. బ్యాటరీ నెగెటివ్‌ వైరు తీసి, ఫొటోలు తీసి, క్రేను మీద పంపాలి. పల్లంలో ఇల్లున్న వాళ్లు సన్‌రూఫ్‌ మానుకుని ఆ డబ్బులో కొద్దిభాగం ఈ యాడ్‌ఆన్‌కు పెట్టడం మేలు.

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 29. ఆ తగ్గింపుతో చాలామంది ఒక మెట్టు పై వేరియంటుకు పోతున్నారు. అక్కడే తెలంగాణ లైఫ్‌ టాక్స్‌ గడప తగులుతుంది: కారు ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే 14 శాతం, 10 దాటితే 18 శాతం. 9 లక్షల 90 వేల కారుకు పన్ను 1,38,600. 10 లక్షల 10 వేల కారుకు 1,81,800. ఇరవై వేల సోకుకు పన్నే 43,200 పెరిగింది. అదే పేరు మీద రెండో కారైతే ఇంకో 2 శాతం. ఎలక్ట్రిక్‌ కారుకు 2026 డిసెంబరు 31 దాకా ఈ పన్ను లేదు. ఊళ్లోనే తిరిగే ఇంటికి, సొంత పార్కింగులో ప్లగ్గు ఉంటే, టియాగో ఈవీ లాంటివి ఆ ఒక్క లెక్కతోనే పోటీలోకి వస్తాయి.

ఒకే మోడల్‌లో మధ్య వేరియంటుకూ టాప్‌ వేరియంటుకూ లక్షన్నర తేడా అనుకుందాం. 14 శాతం పన్నుతో అది 1,71,000. అయిదేళ్ల అప్పు మీద, 9 శాతం వడ్డీకి, మరో 42 వేలు. అంటే 2,13,000 దాకా. అయిదేళ్లకు అమ్మేటప్పుడు పెద్ద టచ్‌స్క్రీన్‌కూ, అలాయ్‌కూ ఆ డబ్బంతా తిరిగి ఇచ్చే సెకండ్‌హ్యాండ్‌ కొనుగోలుదారు దొరకడు. అతను చూసేది సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు, ఎంతమంది చేతులు మారింది, కంపెనీ పేరు. పాత కారు ధరలో మారుతిదే ఇప్పటికీ పైచేయి.

దీని పక్కన మైలేజీ పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. "మైలేజీ ఎంతిస్తది?" అన్నది ఇక్కడ మొదటి ప్రశ్న. ఒకటి లీటరుకు 17, ఇంకోటి 20 ఇస్తుందనుకుంటే, ఏడాదికి 12 వేల కిలోమీటర్ల మీద తేడా 106 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 11,300. నెలకు 500 కిలోమీటర్లే తిరిగే ఇంటికి ఏడాదికి 5,700 కూడా దాటదు. వేరియంటు తప్పు ఎంచుకుంటే పోయే రెండు లక్షల ముందు ఇది చిల్లర. రోజూ వందల్లో తిరిగే వాళ్లకే మైలేజీ, సీఎన్జీ లెక్కలు పనికొస్తాయి. సీఎన్జీకి చాలా కార్లలో డిక్కీ చోటు పోతుందనీ, మూడేళ్లకోసారి సిలిండర్‌కు నీటి ఒత్తిడితో చేసే హైడ్రో పరీక్ష తప్పదనీ, తమ దారిలో బంకు ఎక్కడుందో ముందే చూసుకోవాలనీ వాళ్లు గుర్తుంచుకోవాలి.

బీమాలో థర్డ్‌ పార్టీ భాగం అందరికీ ఒకటే: 2022లో ఖరారైన ధరల ప్రకారం 1,000 సీసీ లోపు ఏడాదికి 2,094, ఆపైన 1,500 సీసీ దాకా 3,416. సొంత నష్టం భాగమే కారు ధరను బట్టి పెరుగుతుంది. అక్కడ తగ్గించుకోకూడనిది జీరో డిప్రిసియేషన్‌. అది లేకపోతే ప్లాస్టిక్‌, రబ్బరు భాగాలకు సగం డబ్బే వస్తుంది, కారు కొత్తదైనా సరే. ఈ కాలపు చిన్న కారు ముందు భాగమంతా ప్లాస్టిక్కే: బంపరు, గ్రిల్లు, ఫాగ్‌ల్యాంపు చుట్టూ నల్లటి మెరుపు చట్రం. బర్రె అడ్డం వచ్చి తగిలితే చాలు. మధ్య వేరియంటులో హాలోజన్‌ బల్బు పోతే రెండు మూడు వందలతో మెకానిక్‌ షెడ్డు దగ్గరే అయిపోతుంది. టాప్‌ వేరియంటు ఎల్‌ఈడీ హెడ్‌లైటులో ఒక్క చుక్క ఆరిపోయినా మొత్తం డబ్బానే మార్చాలి, బిల్లు అయిదంకెల్లోకి పోతుంది. రెండు రంగుల పెయింటు ఉన్న కారుకు గీత పడితే రంగు కలవడం కష్టం. వరంగల్‌లో డెంటింగు పెయింటింగు చేసేవాళ్లు ముత్యపు తెలుపు, రెండు పొరల ఎరుపు కన్నా మామూలు తెలుపు, వెండి రంగులనే ఇష్టపడతారు.

సర్వీసులో గుర్తుపెట్టుకోవాల్సింది నూనె. కొత్త ఇంజన్లకు కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 లాంటి పలచని నూనె. పాత అలవాటుకు బయట షెడ్డులో చిక్కని 20డబ్ల్యూ-50 పోయిస్తే పొద్దున స్టార్టింగులో పైదాకా నూనె ఎక్కడం ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. ముందు చక్రాల దగ్గర టకటక వస్తే మెకానిక్‌ షాకబ్జర్లు మార్చాలంటాడు. మొదట లింక్‌ రాడ్డు, తర్వాత లోయర్‌ ఆర్మ్‌ బుష్షు చూడమనాలి. బండి జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో ఊపితే ఎక్కడ వదులో తెలుస్తుంది. లింక్‌ రాడ్ల జత షాకబ్జర్ల జత ధరలో చిన్న ముక్క.

టెస్ట్‌ డ్రైవుకు షోరూము ఇచ్చే బండి చాలాసార్లు టాప్‌ వేరియంటు. కొనేది మధ్యదైతే టైరు అంకెలు ముందే పోల్చి చూసుకోవాలి, లేదంటే తీసుకోబోయే సుఖం వేరు, చూసిన సుఖం వేరు. నున్నటి మెయిన్‌ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు. నలుగురు ఎక్కి, ఏసీ రెండో నంబరులో పెట్టి, అమ్మనో నాన్ననో వెనక కూర్చోబెట్టి, తెలిసిన గుంతల దారిలో 40 మీద పోవాలి. స్పీడ్‌ బ్రేకరు దిగినప్పుడు వెనక ఒక్కసారి లేచి ఆగుతుందా, రెండు మూడుసార్లు ఊగుతుందా చూడాలి. బండి దిగాక మొదటి మాట వెనక కూర్చున్న వాళ్లనే అడగాలి.